ఓపస్: గల్ఫ్ నుంచి వచ్చే వాయిస్ మెసేజ్ లోపలి సంగతులు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ఇళ్లలో రోజూ వాడుకలో ఉంటూ, పేరు మాత్రం దాదాపు ఎవరి నోటా వినిపించని ఆడియో ఫార్మాట్ ఒకటుంది. దాని పేరు ఓపస్. దుబాయ్, మస్కట్, దోహా, రియాద్ నగరాల్లో పనిచేసేవారు వాట్సాప్‌లో మైకు గుర్తును నొక్కిపట్టి పంపే మాటలూ, వాటికి ఇంటివారు తిరిగి పంపే జవాబులూ ఓపస్ రూపంలోనే కుదించబడి, ఇంటర్నెట్ మీదుగా వెళ్లి, అవతలి ఫోన్‌లో మళ్లీ శబ్దంగా మారతాయి. అంతా సజావుగా సాగినంతకాలం ఆ పేరు తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. ఆ మాటలను ఫోన్ నుంచి బయటికి తీసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కారు స్టీరియోలోనో ఇంట్లోని పాత ప్లేయర్‌లోనో వినబోయినప్పుడు ఫైల్ తెరుచుకోదు. అప్పుడే ఈ ఓపస్ ఏమిటి, దీన్ని ఎంపీ3గా మార్చవచ్చా, మారిస్తే గొంతు చెడుతుందా, ఫైల్ పేరు మారిస్తే సరిపోదా అన్న ప్రశ్నలు మొబైల్ షాపు కౌంటర్ దాకా వస్తాయి. వాటి జవాబులు కష్టమైనవేమీ కావు గాని, శబ్దాన్ని కుదించడం అంటే అసలు ఏం జరుగుతుందో తెలిస్తే తప్ప అవి ఒక పట్టాన తలకెక్కవు.

ఈ ప్రాంతానికీ ఈ ఫార్మాట్‌కూ ఇంత దగ్గరి సంబంధం ఏర్పడడానికి కారణం వలస. 1973 తరువాత చమురు ధరలు పెరిగి అరబ్ దేశాల్లో కట్టడాల పనులు ఊపందుకున్నప్పటి నుంచి అప్పటి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల వారు గల్ఫ్ బాట పట్టడం మొదలైంది. 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో నేటికీ గల్ఫ్‌లో ఒక మనిషి లేని వాడ అరుదు. సిరిసిల్ల నేత కార్మికులు భివండి, సూరత్ వంటి మరమగ్గాల పట్టణాలకు వెళ్లడం దీనికి తోడైన మరో వలస. దూరాన ఉన్నవారి మాట ఇంటికి చేరే మార్గం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది: మొదట ఉత్తరాలు, ఆ తరువాత సెలవుపై వచ్చేవారి చేతికిచ్చి పంపిన క్యాసెట్లు, ఆ తరువాత నిమిషాల లెక్కన డబ్బు కట్టి మాట్లాడే ఐఎస్‌డీ కాల్స్. 2013 ఆగస్టులో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను ప్రవేశపెట్టిన తరువాత, మళ్లీ క్యాసెట్ పద్ధతే, అంటే తీరిక ఉన్నప్పుడు చెప్పి, తీరిక ఉన్నప్పుడు వినే పద్ధతే, వేరే వేషంలో తిరిగి వచ్చిందనుకోవచ్చు.

ఈ పద్ధతి ఇక్కడ బలంగా పాతుకుపోవడానికి సాంకేతికేతర కారణాలు కూడా ఉన్నాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్‌పై అక్కడి టెలికాం నియంత్రణ ఉన్నందువల్ల వాట్సాప్‌లో నేరుగా కాల్ మాట్లాడడం సాధారణంగా కుదరదు, అనుమతి పొందిన వేరే యాప్‌లను వాడుకోవాలి. రాతలకూ వాయిస్ మెసేజ్‌లకూ మాత్రం ఆ అడ్డు లేదు. దుబాయ్ గడియారం మన గడియారం కన్నా గంటన్నర వెనుక నడుస్తుంది గనుక, క్యాంపులో డ్యూటీ దిగి స్నానం చేసి మంచం మీద కూర్చునే వేళకు కోరుట్లలో పిల్లలు నిద్రపోతుంటారు. బీడీలు చుట్టే ఆడవారి రెండు చేతులూ ఆకు మీదా తంబాకు మీదా ఉంటాయి గనుక ఫోన్ తెర మీద చదవడం కన్నా చెవితో వినడమే వారికి వీలు. అక్షరాలు కూడబలుక్కుని చదివే పెద్దవారికి తెలుగులో టైపు చేయడం దుర్లభం. అందువల్ల "వాయిస్ పెట్టు" అన్నది ఈ ప్రాంతపు వాడుకలో రెండు పదాల్లో ముగిసే పూర్తి వాక్యమైంది.

ఇక కుదింపు సంగతి. శబ్దమంటే గాలిలో పుట్టే ఒత్తిడి అల. మైకు ఆ అలను విద్యుత్తుగా మారిస్తే, ఫోన్ దాని ఎత్తును సెకనుకు కొన్ని వేల సార్లు కొలిచి ఆ కొలతలను అంకెలుగా రాసుకుంటుంది. ఈ ఒక్కొక్క కొలతను శాంపిల్ అంటారు. సంగీతం సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కొక్క శాంపిల్‌కు 16 బిట్లు, కుడి ఎడమలకు వేర్వేరుగా రెండు వరుసలు ఉంటాయి. బిట్ అంటే సున్నా లేదా ఒకటి పట్టే అతి చిన్న గది. వీటన్నిటినీ గుణిస్తే సెకనుకు 1,411 కిలోబిట్లు, అంటే నిమిషానికి పదిన్నర మెగాబైట్లు అవుతుంది. అంత బరువును నెల రీచార్జ్ మీద బతికే ఫోన్‌తో పంపడం అయ్యే పని కాదు. దీన్ని తగ్గించడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఒక్క బిట్టు కూడా పోకుండా, విప్పినప్పుడు మొదటి అంకెలే తిరిగి వచ్చేలా సర్దడం. దీనివల్ల పరిమాణం మహా అయితే సగానికి అటూ ఇటూగా తగ్గుతుంది. రెండవది చెవి పట్టించుకోని వివరాలను ముందే వదిలేసి, మిగిలినదాన్ని మాత్రమే రాయడం. దీన్ని నష్టంతో కూడిన కుదింపు అంటారు. వదిలేసినది ఇక ఎన్నటికీ తిరిగి రాదు. ఎంపీ3, ఏఏసీ, ఓపస్ అన్నీ ఈ రెండవ దారివే. వాటి మధ్య తేడా అంతా దేన్ని వదలాలి, ఎంత తెలివిగా వదలాలి అన్న దగ్గరే ఉంది.

ఎంత వదలవచ్చో ఒక చిన్న మాటను దగ్గరగా పెట్టుకుని చూస్తే స్పష్టమవుతుంది. దుబాయ్ నుంచి కొడుకు "అవ్వా, పైసలు ముట్టినయా?" అని అడిగాడనుకుంటే, మామూలు వేగంతో అనడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఓపస్ సాధారణంగా శబ్దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసుకుని ఒక్కొక్క ముక్కను విడిగా చూస్తుంది గనుక, ఈ వాక్యం దాని దృష్టిలో దాదాపు 75 ముక్కలు. "అవ్వా" చివరి దీర్ఘం సాగినంతసేపూ గొంతులోని స్వరతంత్రులు ఒకే లయలో కంపిస్తాయి. మగగొంతులో ఆ కంపనం సెకనుకు 125 సార్ల చొప్పున జరిగితే, ఎనిమిది మిల్లీసెకన్లకొకసారి దాదాపు అదే ఆకారపు అల తిరిగి వస్తుంది, కనుక ఒకసారి వర్ణించి ఆపైన స్వల్పమైన మార్పులు మాత్రం చెబితే చాలు. "పైసలు"లోని సకారం పూర్తిగా వేరు. అందులో లయ లేదు, పళ్ల సందున గాలి ఒరుసుకుని పుట్టే సుస్సుమనే శబ్దం మాత్రమే ఉంటుంది, దాని శక్తిలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. "ముట్టినయా"లోని ద్విత్వ టకారం దగ్గర నాలుక అంగిలిని మూసి ఉంచినంతసేపు దాదాపు నిశ్శబ్దమే గనుక, ఆ కొద్ది ముక్కలకు ఖర్చు చేయవలసిన బిట్లు బహు తక్కువ. ఒత్తుకు తీసుకునే ఆ చిన్న విరామమే లేకపోతే మాట మాటలా వినబడదు, అయినా పంపేటప్పుడు అదే అన్నిటికన్నా చవక.

ఈ ఉపాయానికి మూలం మాట పుట్టే తీరును లెక్కగా రాయడం. స్వరతంత్రులు గానీ గాలి ఒరిపిడి గానీ ముడి శబ్దాన్ని పుట్టిస్తే, గొంతు, నోరు, ముక్కు కలిసి దానికి ఆకారం ఇస్తాయి. ఆ ఆకారం 20 మిల్లీసెకన్లలో పెద్దగా మారదు. కాబట్టి గడిచిన కొన్ని శాంపిళ్లను చూసి రాబోయే శాంపిల్‌ను ఊహించవచ్చు, ఊహకూ వాస్తవానికీ ఉన్న తేడాను మాత్రం పంపవచ్చు. దీన్ని రేఖీయ ప్రాగుక్తి అంటారు. కాన్పూర్‌లో పుట్టి అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన బిష్ణు అటల్ ఈ పద్ధతిని మాటలకు అన్వయించినవారిలో ముఖ్యుడు. 1985లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో కలిసి ఆయన ప్రతిపాదించిన పద్ధతి ఆ తరువాత వచ్చిన సెల్‌ఫోన్ కోడెక్‌లు ఎన్నిటికో ఆధారమైంది. కోడెక్ అంటే శబ్దాన్ని కుదించి, తిరిగి విప్పే లెక్కల సూత్రం. ఓపస్‌లో మాటల కోసం ఉన్న భాగం పేరు సిల్క్. ఇది స్కైప్ సంస్థలో తయారైంది, ఇదీ ప్రాగుక్తి మీదే నడుస్తుంది.

సంగీతానికి ఈ పద్ధతి చాలదు, ఎందుకంటే డోలు, హార్మోనియం, పదిమంది గొంతులు కలిసిన శబ్దం ఒక నోటి నుంచి వచ్చినది కాదు. అక్కడ చేసే పని వేరు: శబ్దంలో ఏ స్థాయి కంపనం ఎంతెంత ఉందో విడగొట్టి, పెద్ద శబ్దం పక్కన ఉండి చెవికి ఆనని చిన్న శబ్దాలను తుంచి, మిగిలినవాటికి మాత్రం బిట్లు పంచుతారు. ఇలా విడగొట్టే గణిత సాధనాల్లో అత్యంత ప్రసిద్ధమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారం 1974 జనవరిలో ఒక పరిశోధన పత్రంగా వెలువడింది. దాని రచయితలు ముగ్గురూ భారతీయ మూలాల వారే: బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఈ మూడవ వ్యక్తి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, 2021 జనవరిలో కన్నుమూశారు. ఫోన్‌లో తీసే జేపెగ్ ఫొటోలో వాడేది ఈ సాధనాన్నే; 1987లో ప్రిన్సెన్, జాన్సన్, బ్రాడ్లీ తీర్చిదిద్దిన దాని సవరించిన రూపం ఎంపీ3లోనూ, ఏఏసీలోనూ, ఓపస్‌లోని సంగీత భాగమైన సెల్ట్‌లోనూ ఉంది. తెలుగు సినిమా పాటల చరిత్ర రాసేవారు గాయకులనూ స్వరకర్తలనూ పేరుపేరునా తలచుకుంటారు గాని, ఆ పాటలు నేడు ఇంటింటికీ చేరే దారి వేసినవారిలో ఒకరి ఇంటిపేరు కామిశెట్టి అన్న సంగతి మన పత్రికల్లో రావలసినంతగా రాలేదు.

ఈ రెండు భాగాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చినదే ఓపస్. జాఁ మార్క్ వాలాఁ, కోయెన్ వోస్, తిమతి టెరిబెరీ రాసిన దాని నిర్దేశ పత్రాన్ని ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్ణయించే ఐఈటీఎఫ్ సంస్థ 2012 సెప్టెంబర్‌లో ఆమోదించింది. సెకనుకు 6 కిలోబిట్ల నుంచి 510 కిలోబిట్ల దాకా ఏ వేగంలోనైనా ఇది పనిచేయగలదు. మాట అయితే సిల్క్, సంగీతమైతే సెల్ట్, రెండింటికీ మధ్యస్థమైతే కింది స్థాయి కంపనాలకు సిల్క్, 8,000 హెర్ట్జ్‌లకు పైన సెల్ట్ అని అప్పటికప్పుడు నిర్ణయించుకుంటుంది. వాడుకున్నందుకు రాయల్టీ కట్టనక్కరలేదు. ఎంపీ3 మీద పేటెంట్లు 2017 దాకా ఉండడం, కొత్త కంపెనీలు ఆ ఖర్చును తప్పించుకోవాలనుకోవడం దీని వ్యాప్తికి తోడ్పడ్డాయి. యూట్యూబ్ వీడియోల శబ్దంలోనూ, బ్రౌజర్‌లో జరిగే వీడియో సమావేశాల్లోనూ ఉన్నది ఇదే. ఇంత విస్తృతంగా ఉన్నదాన్ని అంతగా తెలియనిదని అనడం వింతగా తోచవచ్చు. దాని వాడుకదారులకు పేరు తెలియదన్న అర్థంలో మాత్రమే ఆ మాట నిజం.

బరువు లెక్క చూస్తే దీని పొదుపు బోధపడుతుంది. మాటలకు సరిపడే 16 కిలోబిట్ల వేగాన్ని తీసుకుంటే, ఒక్కొక్క 20 మిల్లీసెకన్ల ముక్కకు దక్కేది 320 బిట్లు, అంటే 40 బైట్లు; కుదించకపోతే, సెకనుకు 16,000 శాంపిళ్ల లెక్కన అదే ముక్కకు 640 బైట్లు కావాలి. నిమిషం మాటకు 120 కిలోబైట్లు, గంటకు 7.2 మెగాబైట్లు. పాటలకు మామూలుగా వాడే 128 కిలోబిట్ల ఎంపీ3లో నిమిషానికే 960 కిలోబైట్లు అవుతాయి. ఇంత తక్కువలోనూ వాయిస్ మెసేజ్‌లో గొంతు పాత ఐఎస్‌డీ కాల్‌లో కన్నా దగ్గరగా వినిపించడానికి కారణం ఉంది. టెలిఫోన్ వ్యవస్థ మొదటి నుంచీ 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య శబ్దాన్ని మాత్రమే మోసుకుపోయేది. స, శ, ఫ వంటి హల్లులను వేరు చేసే సమాచారం చాలావరకు ఆ గీతకు పైనే ఉండిపోయేది, అందుకే ఊరి పేర్లనూ మనుషుల పేర్లనూ రెండుమూడు సార్లు చెప్పించుకోవలసి వచ్చేది. ఓపస్ ఇదే బరువులో 8,000 హెర్ట్జ్‌ల దాకా పట్టుకోగలదు.

ఈ లెక్కలోంచే మరొక జవాబు వస్తుంది. ఫోన్ నిండిపోయిందని తండ్రి పంపిన వాయిస్ మెసేజ్‌లను ముందుగా తుడిచేసే అలవాటు చాలామందికి ఉంది. 15 గిగాబైట్ల స్థలంలో ఈ వేగంతో రెండు వేల గంటలకు పైగా మాట పడుతుంది. పెళ్లి వీడియో ఒకటి తుడిస్తే దొరికే చోటు, వందల మెసేజ్‌లు తుడిచినా దొరకదు. తుడవవలసి వస్తే తుడవవలసినవి గుడ్ మార్నింగ్ వీడియోలే.

సిరిసిల్లలో వచ్చే చిక్కు వేరు. అక్కడి వారు సాంచాలు అని పిలిచే మరమగ్గాలు నడిచే షెడ్డులో నిలబడి వాయిస్ పెడితే, అవతల వినేవారికి మాట ముద్దగా, ఒక్కోసారి నీటి అడుగు నుంచి వచ్చినట్టుగా వినిపిస్తుంది. దీనికి కారణాలు రెండు. సిల్క్ ఊహించగలిగేది ఒక్క నోటి నుంచి వచ్చే శబ్దాన్ని; నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు ఆ ఊహకు లొంగదు గనుక, ముక్కకు ఉన్న 40 బైట్లలో పెద్ద వాటా చప్పుడును వర్ణించడానికే పోయి, మాటకు మిగిలేది కొద్ది. రెండవది, ఓపస్ దాకా రాకముందే ఫోన్ స్వయంగా చప్పుడును తగ్గించబోయి దానితోపాటు హల్లులను కూడా కొంత కత్తిరిస్తుంది. తప్పు చాలాసార్లు ఈ రెండవదానిదే అయినా నింద మాత్రం వాట్సాప్ మీదికి వెళ్తుంది. ఫోన్‌ను నోటికి దగ్గరగా తేవడం దీనికి చవకైన విరుగుడు. మైకుకూ నోటికీ మధ్య దూరం సగానికి తగ్గితే మైకును చేరే గొంతు తీవ్రత దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుంది, షెడ్డు చప్పుడు మాత్రం ఉన్నంతే ఉంటుంది. బయటి వసారాలోకి వచ్చి మాట్లాడడం అంతకన్నా మేలు.

బతుకమ్మ ఆటను వాయిస్ మెసేజ్‌గా గల్ఫ్‌కు పంపేవారు ఎదుర్కొనేదీ ఇలాంటిదే. ముప్పై మంది ఆడవారి గొంతులు, వాటి మీద చప్పట్లు, నడుమ పిల్లల కేకలు కలిసిన శబ్దాన్ని ఒక మనిషి మాట కోసం కొలిచి ఇచ్చిన బిట్లలో ఇరికించినప్పుడు చప్పట్లు చిందరవందర అవుతాయి, వరుసలోని గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇది ఓపస్ చేతకానితనం కాదు. ఇదే ఓపస్‌కు 96 లేదా 128 కిలోబిట్లు ఇస్తే అదే ఆటను చక్కగా పట్టుకోగలదు, 2011లో 64 కిలోబిట్ల వేగంలో జరిగిన ఒక శ్రోతల పరీక్షలో అది అప్పటి పేరుమోసిన ఫార్మాట్లను దాటింది కూడా. వాయిస్ మెసేజ్ ఆ వేగాన్ని ఎంచుకునే వీలు ఇవ్వదు, అంతే. పాటను పంపదలచినవారు ఫోన్‌లోని రికార్డర్ యాప్‌తో రికార్డు చేసి, ఆ ఫైల్‌ను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా జతచేస్తే, ఫైల్ ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న, ఫైల్ తెరుచుకోకపోవడం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాయిస్ నోట్స్ అనే ఫోల్డర్ లోపల, సంవత్సరమూ వారం సంఖ్యా కలిపిన పేర్లతో చిన్న ఫోల్డర్లు ఉంటాయి. వాటిలోని ఫైల్ పేరు పీటీటీ అనే అక్షరాలతో మొదలై, ఆపైన తేదీ, ఉదాహరణకు 20240312, ఆపైన ఆ రోజు వరుస సంఖ్య, చివర చుక్క పెట్టి ఓపస్ అని ముగుస్తుంది. పీటీటీ అంటే నొక్కిపట్టి మాట్లాడు అన్న పాత వైర్‌లెస్ సెట్ల పద్ధతికి పొడి అక్షరాలు. పేరును చూసి అది 2024 మార్చి 12 నాటిదని చెప్పవచ్చు గనుక, తేదీల ప్రకారం వెతకడం సులువు. ఆ ఫైల్‌లో రెండు పొరలు ఉంటాయి: లోపల ఓపస్ పద్ధతిలో కుదించిన శబ్దం, దాని చుట్టూ ఏ ముక్క తరువాత ఏ ముక్కో క్రమం చెప్పే ఆగ్ అనే పెట్టె. కొన్ని ప్లేయర్లకు ఓపస్ అనే తోకను చూసి గుర్తించడం రాదు గాని ఆగ్ తోకను చూస్తే తెరవడం వచ్చు, ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఈ లోపలి శబ్దాన్ని విప్పే శక్తి ఫోన్లకు ఉంది గనుక, అలాంటి చోట్ల తోకను ఆగ్ అని మారిస్తే ఫైల్ తెరుచుకుంటుంది. అదే తోకను ఎంపీ3 అని మార్చడం మాత్రం కందిపప్పు డబ్బా మీద బియ్యం అని చీటీ అంటించడమే. పాత కారు స్టీరియోకు ఓపస్‌ను విప్పే సూత్రమే తెలియదు కాబట్టి, పేరు ఏది పెట్టినా అది పలకదు.

అలాంటి చోట నిజంగానే ఎంపీ3గా మార్చుకోవాలి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లతో ఈ పని అవుతుంది. గొంతులను ఎవరో నడిపే సర్వర్‌కు ఎక్కించమనే వెబ్‌సైట్ల కన్నా ఇవే నయం, ఇంటి మాటలు బయటి చేతికి పోవు. మారిస్తే గొంతు చెడుతుందా అంటే, కొంత చెడుతుంది. ఒకసారి కొన్ని వివరాలను వదిలేసిన శబ్దాన్ని మరో పద్ధతి మళ్లీ తన లెక్కన కత్తిరిస్తుంది. మొదటి కుదింపు వదిలిన చిన్న లోపాలను రెండవది అసలు శబ్దంలో భాగమేననుకుని వాటికీ బిట్లు ఖర్చు పెడుతుంది. ఒక్కసారి, తగినన్ని బిట్లతో, అంటే ఒంటి వరుసలో 64 కిలోబిట్లు ఆపైన, మారిస్తే తేడా మామూలు చెవికి అందదు. మార్చినదాన్ని మళ్లీ మార్చుకుంటూ పోతే మాత్రం అందుతుంది. నష్టం లేని డబ్ల్యూఏవీ రూపంలోకి మారిస్తే నాణ్యత పెరుగుతుందన్నది అపోహ. నిమిషానికి 120 కిలోబైట్లు ఉన్నది దాదాపు రెండు మెగాబైట్లకు ఉబ్బుతుంది తప్ప, దుబాయ్ ఫోన్ ఆనాడు వదిలేసిన వివరం ఒక్కటీ తిరిగి రాదు.

ఫార్వర్డ్ చేసిన కొద్దీ గొంతు అరిగిపోతుందన్న అనుమానం క్యాసెట్ల కాలం నుంచి మిగిలిపోయినది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కిస్తే ప్రతిసారీ సుస్సుమనే శబ్దం పెరిగేది నిజమే. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌ను ఎన్ని చేతులు మార్చినా వెళ్లేది అవే అంకెలు గనుక అరుగుదల లేదు. ఒక ఫోన్ స్పీకర్‌లో మోగిస్తూ మరో ఫోన్‌లో రికార్డు చేయడం మాత్రం క్యాసెట్ కాలపు నష్టాన్ని కోరి తెచ్చుకోవడమే. 2021లో వచ్చిన ఒకటిన్నర రెట్లు, రెండు రెట్ల వేగంతో వినే సదుపాయం వినేటప్పుడు మాత్రమే పనిచేస్తుంది, ఫైల్‌ను ముట్టుకోదు. 2023 డిసెంబర్‌లో వచ్చిన ఒక్కసారి మాత్రమే వినే మెసేజ్‌ల సంగతి వేరు. వాటిని దాచుకునే వీలు ఉండదు.

బటన్ ఫోన్ల కాలం నాటి మెమొరీ కార్డులు ఇంట్లో ఉన్నవారికి మరో ఫార్మాట్ తగులుతుంది: ఏఎంఆర్. 1999లో సెల్‌ఫోన్ ప్రమాణంగా స్వీకరించిన ఈ కోడెక్ 4.75 నుంచి 12.2 కిలోబిట్ల మధ్య పనిచేస్తుంది, సెకనుకు 8,000 శాంపిళ్లే తీసుకుంటుంది, అందువల్ల అందులోని గొంతు పాత టెలిఫోన్ గొంతులాగే ఇరుకుగా ఉంటుంది. దాన్ని ఓపస్‌గా మార్చడంలో లాభమేమీ లేదు. కంప్యూటర్‌లో తెరిచి వినడానికి వీలున్నంతకాలం అలాగే ఉంచుకుని, వినడానికి వేరే ప్రతి ఒకటి తీసుకోవడం మంచిది.

మూల ఫైల్‌ను అలాగే ఉంచాలన్నది నాణ్యత కోసం చెప్పే మాట మాత్రమే కాదు. గల్ఫ్ వలసలో ఏజెంట్ ఇచ్చిన హామీలు, కంపెనీ కట్టని జీతం, పాస్‌పోర్టు లాక్కున్న సంగతి కాగితం మీద కన్నా వాయిస్ మెసేజ్‌లలోనే ఎక్కువగా ఉంటాయి, పోలీసు ఫిర్యాదుకో కోర్టుకో వెళ్లినప్పుడు అవే ఆధారాలవుతాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఒక ధ్రువపత్రం దాఖలు చేయాలి, అందులో ఆ ఫైల్ హ్యాష్ విలువను పేర్కొనాలి. హ్యాష్ అంటే ఫైల్‌లోని అంకెలన్నిటినీ ఒక సూత్రంలో నడిపించి తీసే పొడవైన సంఖ్య. లోపల ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. తోక పేరు మాత్రమే మారిస్తే హ్యాష్ మారదు, ఎందుకంటే పేరు ఫైల్ లోపలి అంకెల్లో భాగం కాదు. ఎంపీ3గా మారిస్తే మాత్రం, చెవికి రెండూ ఒకటే అయినా, లెక్కలో అది వేరే ఫైల్. అందువల్ల కారులో వినడానికి ఎంపీ3 ప్రతి ఎన్ని తీసుకున్నా ఫరవాలేదు గాని, మెసేజ్ వచ్చిన ఫోన్‌నూ, అందులోని చాట్‌నూ, ఓపస్ ఫైల్‌నూ కదపకుండా ఉంచి, ఆ ఫోల్డర్‌ను ఉన్నది ఉన్నట్టు మరో చోటికి కాపీ చేసుకుని, వకీలుకు చూపవలసింది ఆ మూలాన్నే.